ఒక్కరోజూ తప్పని పిల్ల

జూన్ 9, సోమవారం

కాలేజీ గేటు మీద పాత బోర్డు దింపేశారు. ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకొని బోల్టులు ఊడదీస్తుంటే చూస్తూ నిలబడి బెల్లు కొట్టడం మరిచిపోయాను. మూడు నిమిషాలు ఆలస్యం. పద్దెనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. ఎవరూ ఏమీ అనలేదు. ఈ ఏడాదిగా నన్ను ఎవరూ ఏమీ అనడం లేదు.

బోర్డు ఉన్నచోట పెద్ద ఫ్లెక్సు కట్టారు. మన కాలేజీ విశ్వవిద్యాలయం అయింది, సెప్టెంబరు ఐదున ప్రారంభం అని రాసి ఉంది. దాని మీద సహన ఉంది. పోయిన ఆగస్టులో, కాలేజీని విశ్వవిద్యాలయం చేయొచ్చా అని చూడటానికి వచ్చిన కమిటీ వాళ్ళ ముందు పాఠం చెప్పినప్పుడు తీసిన ఫొటో. నీలం చీర, చేతిలో చార్టు. గేటు అంత ఎత్తు ఉంది నా కూతురు.

సాయంత్రం సహన నాన్న అడిగాడు, "ఏం రాస్తాండావు?" అని.

"సామాన్ల లిస్టు" అన్నాను.

ఆయనకు కన్నడం చదవడమే వచ్చు, తెలుగు చదవడం రాదు. సహనకూ వచ్చేది కాదు. కుప్పం పక్క మా ఊరి బళ్ళో నేను నేర్చుకున్న ఐదు తరగతుల అక్షరాలు బెంగళూరు పక్కనున్న ఈ ఆనేకల్‌లో నాకొక్కదానికే పనికొస్తాయి.

ఫొటో తీసిన రోజు సహనకు జ్వరం తొంభైతొమ్మిదే ఉండింది. అదే పోతానని పట్టుబట్టింది.

జూన్ 10

ఫొటోలో సహన కళ్ళు బాగా మెరుస్తున్నాయి. చూసిన ప్రతివాళ్ళూ ఆ మాటే అంటున్నారు.

జూన్ 18, బుధవారం

చార్టుల గది ఖాళీ చేయమన్నారు. అక్కడ కంప్యూటర్లు పెడతారట. నేనూ, నాతో పని చేసే పిల్లమ్మా పొద్దంతా పాత చార్టులు చుట్టి దారాలు కట్టాం. మట్టి బొమ్మలు, చింతగింజల లెక్కల పెట్టెలు, గుడ్డ మీద కుట్టిన అక్షరాలు. నేను చేరిన కొత్తలో ఈ కాలేజీ ఆడపిల్లలను పల్లె బళ్ళకు టీచర్లుగా పంపడానికే ఉండేది. రెండేళ్ళ ట్రైనింగ్. పాటలు పాడటం, తోట పని, బోర్డు మీద గుండ్రంగా రాయడం నేర్పేవారు. తర్వాత బి.ఎడ్. వచ్చింది. ఇప్పుడు నాలుగేళ్ళ కోర్సులు, పరిశోధన, ఇంకా ఏవో పేర్లు. పక్కనున్న చిన్న బడిని కూడా మూసేస్తారని అనుకుంటున్నారు. మన పిల్లలు పాఠాలు చెప్పి నేర్చుకునేది ఆ బళ్ళోనే.

"బడి లేకుంటే వీళ్ళు ఎవరికి పాఠం చెప్తారు?" అన్నాను.

"ఒకరికొకరు చెప్పుకుంటారు లేక్కా" అంది పిల్లమ్మ. "యూనివర్సిటీ అంటే అదే. పిల్లకాయల గలాటా ఉండదు. మనకు చీపుళ్ళు మిగులుతాయి."

గేటు లోపల వేలు పెట్టే మిషన్ బిగించారు. తొమ్మిదింబావు దాటి ఒక్క నిమిషం అయినా ఆ రోజు రానట్టే.

జూన్ 27, శుక్రవారం

ఈ రోజు మంచి రోజు. వివరంగా రాసుకోవాలి.

ప్రేమకుమారి మేడమ్ పిలిచారు. ఇన్నేళ్ళూ మా ప్రిన్సిపాల్, యూనివర్సిటీ అయ్యాక రిజిస్ట్రార్ అవుతారు. నేను ట్రే పట్టుకొని వెళ్తే, "టీ కోసం కాదు, కూర్చోండి" అన్నారు. ఆ గదిలో నేను కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు. ఎలా కూర్చోవాలో తెలియక అంచు మీద కూర్చున్నాను.

"భాగీరథమ్మా, సహన పేరు మీద గోల్డ్ మెడల్ పెడుతున్నాం. ప్రతి ఏడాదీ. సెప్టెంబరు ఐదున స్టేజ్ మీద అనౌన్స్ చేస్తాం, మొదటి మెడల్ మీరిద్దరూ మీ చేతులతో ఇవ్వాలి."

నేను ఏడ్చాను. మేడమ్ కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"దేనికి మేడమ్ మెడలు?" అని అడిగాను.

"ఫుల్ అటెండెన్స్‌కి. ఒక్కరోజు కూడా మానకుండా వచ్చిన అమ్మాయికి. సహన అలాంటిదే కదా. జ్వరంలో కూడా వచ్చింది."

అవునన్నాను.

మగ్గాల షెడ్డుకు పోయి సహన నాన్నకు చెబితే మగ్గం ఆపి లేచి నిలబడ్డాడు. తర్వాత వీధిలోకి వెళ్ళి నాలుగు ఇళ్ళలో చెప్పి వచ్చాడు. "మన పిల్ల పేరు యూనివర్సిటీ ఉన్నన్ని దినాలు ఉంటాది" అన్నాడు. సహన పోయాక ఆయన కడుపునిండా తిన్నది ఈ పూటే. రాగి ముద్ద, దాంట్లోకి ఉప్పుసారు. రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

మెడలుకు సహన పేరు పెట్టడానికి ఒప్పుకున్నట్టు సంతకం చేయమని మేడమ్ ఒక కాగితం ఇచ్చారు. దేవుడి పటం వెనక పెట్టాను.

జూలై 2

కాగితం అక్కడే ఉంది. రేపు సంతకం చేస్తాను.

జూలై 11, శుక్రవారం

నేత్రావతి వచ్చి నా స్టూలు పక్కన కూర్చుంది. సహన క్లాసే, దొడ్డబళ్ళాపురం పిల్ల, హాస్టల్లో ఉంటుంది. సహన ఉన్నప్పుడు ఆదివారాలు మా ఇంటికి వచ్చేది.

"ఆంటీ, ఆ మెడలు నాకే వస్తాది చూడండి. రెండేండ్లుగా ఒక్క దినం గూడా తప్పలే. సహన పేరు మీద మెడలు ఇంకెవరికో పోతే నాకు కడుపు మండుతాది."

"ఒంట్లో బాగలేకుంటే ఏం చేస్తావు?"

"ఏముండాది, మాత్ర మింగి వస్తా. సహన రాలేదా?"

నవ్వుతూనే అంది. నేను గ్లాసులు కడగడానికి లేచాను. కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

జూలై 19, శనివారం

వాన. పిల్లలు తుమ్ముతూ, దగ్గుతూ వస్తున్నారు. సెలవు చీటీ అని ఎవరూ తేవడం లేదు. ఒక అమ్మాయి కాలు బెణికితే ఇద్దరు చెరో రెక్కా పట్టుకొని మిషన్ దాకా మోసుకొచ్చారు. వేలు పెట్టించి, మళ్ళీ మోసుకొని హాస్టల్లో పడుకోబెట్టారు.

"ఇంకేముండాది, వేలు ఒకటి కోసి పంపిస్తే సాలు" అంది పిల్లమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు.

నవ్వు నాకు రాలేదు. ఇంటికొచ్చి అన్నం పెట్టుకొని తినకుండా కూర్చున్నాను. ఈ పిల్లలు అందరూ ఎందుకు ఇలా వస్తున్నారు. మెడలు లేకముందు ఇలా లేరు.

తొంభైతొమ్మిదే ఉండింది. తొంభైతొమ్మిదికి ఎవరు మాత్రం సెలవు పెడతారు?

జూలై 28, సోమవారం

మెడలు గురించి, ప్రారంభం రోజు పంచే పుస్తకంలో అచ్చు వేయడానికి రాసింది మేడమ్ నాకు తెలుగులో చదివి వినిపించారు. "తీవ్ర జ్వరంతో బాధపడుతూ, తల్లి వద్దని వారించినా వినక, ఒక్కరోజూ తప్పనని వచ్చి, కమిటీ ముందు పాఠం చెప్పి, ఏడు రోజులకు కన్నుమూసిన విద్యార్థిని."

"బాగుందా?" అని అడిగారు.

"తల్లి వద్దన్నదని మీకు ఎవరు చెప్పినారు మేడమ్?"

ఆవిడ వింతగా చూశారు. "మీరే కదా భాగీరథమ్మా. సహన పోయిన రోజు మీ ఇంటికి వస్తే నా చేతులు పట్టుకొని చెప్పారు. ఆ మాట నేను మర్చిపోలేదు."

నేనే.

ఆ మాట ఆ రోజు ఎలా వచ్చిందో నాకు గుర్తుంది. ఇంటి ముందు సహనను పడుకోబెట్టారు. ఊరంతా ఉంది. మా మామగారి తమ్ముడు అందరిలో అడిగాడు, "జ్వరముంటే పంపించిందెవరు?" అని. సహన నాన్న నా వైపు చూశాడు. అప్పుడే మేడమ్ వచ్చారు. నేను మేడమ్ చేతులు పట్టుకున్నాను. చెప్పేశాను. చెప్పినది అందరూ విన్నారు. ఎవరూ మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు అది అచ్చుకు పోతోంది.

ఆగస్టు 6, బుధవారం

ఏడాది అయింది. సహన పోయింది పదమూడో తేదీన. కానీ నాకు ఈ రోజే.

సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. సహన నాన్న మగ్గాల షెడ్డుకు వెళ్ళాడు. ఇది ఇక్కడ రాసి తీరాలి. నాకొక్కదానికే.

ఆ రోజు పొద్దున ఆరింటికి అది దుప్పటి కప్పుకొని వణుకుతోంది. జ్వరం చూసే పుల్ల చంకలో పెట్టి తీశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. నూట మూడు. కళ్ళు తుడుచుకొని మళ్ళీ చూశాను. నూట మూడు.

"ఎంతమ్మా?" అంది.

పుల్లను విదిలించి డబ్బాలో పెట్టేసి, "తొంభైతొమ్మిది" అన్నాను.

"అంతేనా. నాకు ఒళ్ళంతా విరిగిపోతాండాదే. తల ఎత్తలేకున్నా."

"భయానికి అట్లా ఉంటాది. లేసి మొగం కడుక్కో. మాత్ర ఇస్తా."

అది పోతానని పట్టుబట్టలేదు. "మేడమ్‌కి ఫోన్ చేయమ్మా, నేత్రా పాఠం చెప్తాది ఈ పొద్దు" అంది. నేను ఫోన్ చేయలేదు. చేశానని చెప్పాను. మేడమ్ నువ్వే రావాలన్నారని చెప్పాను.

ఎందుకు అంటే. ఎవరు అడుగుతారు ఎందుకని, నేనే అడుగుతున్నాను. కమిటీ వాళ్ళకు టీ పట్టుకొని వెళ్ళే పని నాది. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు వరసగా కూర్చొని ఉంటే, నా కూతురు బోర్డు దగ్గర నిలబడి పాఠం చెబుతుంటే, నేను ట్రే పట్టుకొని ఆ గదిలోకి వెళ్ళాలి. వాళ్ళలో ఒక్కరైనా పక్కవాళ్ళను అడగాలి, ఈ అమ్మాయి ఎవరని. టీ తెచ్చినామె కూతురని పక్కవాళ్ళు చెప్పాలి. నెల రోజులుగా గ్లాసులు కడుగుతూ ఇదే అనుకున్నాను. పిల్లమ్మకు చెప్పాను. వీధిలో చెప్పాను. పద్దెనిమిదేళ్ళు బెల్లు కొట్టినందుకు నాకు ఆ ఒక్క పూట కావాలి అనిపించింది.

కాలేజీలో మేడమ్ దానిని చూసి, "కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటి?" అన్నారు. అది నోరు తెరిచేలోపు నేను, "రాత్రంతా చదివింది మేడమ్" అన్నాను.

సహన నన్ను చూసింది. లోపలికి వెళ్ళింది.

ఆగస్టు 7

నిన్నటి పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

ఆగస్టు 19, మంగళవారం

తొమ్మిది గంటలకు నేత్రావతి గేటు లోపలికి వచ్చింది. పైట తల చుట్టూ కప్పుకుంది. మిషన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు గోడ పట్టుకొని నడుస్తోంది. నేను స్టూలు మీద నుంచి లేచి దారికి అడ్డంగా నిలబడ్డాను. చెయ్యి పట్టుకుంటే పెనంలాగా ఉంది.

"ఇంటికి పో. ఆస్పత్రికి పో. లోపలికి పోవద్దు."

"వదలండాంటీ. ఇంక పదిహేడు దినాలే. ఇప్పుడు తప్పితే రెండేండ్లూ వేస్టు."

"వద్దు నేత్రా."

"సహన రాలేదా జ్వరంతో?"

వెనక పిల్లలు వరసగా నిలబడ్డారు. పక్కకు లాక్కెళ్ళి చార్టుల గది మెట్ల మీద కూర్చోబెట్టాను. చెప్పాను. పుల్ల గురించి, ఫోన్ గురించి, మేడమ్‌కు చెప్పిన అబద్ధం గురించి. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఏడాది మోసినది రెండు నిమిషాలు.

అది తల చుట్టూ ఉన్న పైట దించుకుంది. తర్వాత మెల్లగా అంది, "ఆ దినం నేను చార్టు పట్టుకొని వరండాలో నిలబడి ఉండాను ఆంటీ. ఎవరికన్నా బాగలేకుంటే నువ్వు పాఠం చెప్పాల అని మేడమ్ చెప్పినారు. నేను రెడీగా ఉండాను. మీరు ఒక్క మాట అనింటే చెప్తాంటి."

"అవును."

"నా ముందరే టీ పట్టుకొని పోయినారు మీరు. నన్ను చూసి నవ్వినారు."

"అవును తల్లీ."

ఆస్పత్రికి నేను వస్తానంటే వద్దంది. పిల్లమ్మను తోడు తీసుకొని ఆటో ఎక్కింది. మిషన్‌లో వేలు పెట్టలేదు.

ఆగస్టు 21, గురువారం

నేత్రావతికి సహనకు మాదిరి డెంగీ కాదట. విషజ్వరం. పడుకోమన్నారు. పిల్లమ్మ చెప్పింది. నాతో అది మాట్లాడటం లేదు.

మేడమ్ దగ్గరికి వెళ్ళాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. అంతా చెప్పాను. ఆ మెడలు వద్దు, పెడితే హాజరుకు పెట్టొద్దు అన్నాను. మేడమ్ బల్ల మీద పుస్తకాలు కట్టలు కట్టి ఉన్నాయి. అచ్చు అయిపోయింది.

ఆవిడ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "భాగీరథమ్మా, బిడ్డ పోయిన తల్లి ఎప్పుడూ తననే బ్లేమ్ చేసుకుంటుంది. ఇది గ్రీఫ్. మీరు చెప్పేది నేను నమ్మను. సహన డెడికేషన్ నాకు తెలుసు."

"నిజం మేడమ్."

"నిజమే అనుకోండి, ఇప్పుడు ఎవరికి ఉపయోగం? యూనివర్సిటీకి ఒక ఇన్‌స్పిరేషన్ కావాలి. మీ ఆయనకు తెలుసా ఇది?"

తెలియదన్నాను.

"మరి ఆయన సంతోషం ఎందుకు తీసేస్తారు?"

మంచి మనిషి. నన్ను ఎప్పుడూ ఏకవచనంతో పిలవలేదు. అందుకే దండం పెట్టి బయటికి వచ్చేశాను.

ఆగస్టు 24, ఆదివారం

సహన నాన్నకు చెప్పాను. కొత్త చొక్కా కుట్టించుకొని వచ్చాడు, స్టేజీ ఎక్కడానికి. తొడుక్కొని చూపించాడు. గుండీలు పెట్టుకుంటుంటే చెప్పాను.

గుండీల మీద చేతులు ఆగిపోయాయి.

"నాకొక ఫోన్ చేసింటే షెడ్డు నుంచి వచ్చి పిల్చుకొని పోతాంటి గదా. ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల దారి."

పెట్టుకున్న గుండీ ఒకటి విప్పాడు.

"ఇన్ని దినాలు నేనే అనుకుంటాంటి. పిల్ల మొండిది, మనం ఏం చేసేది అని. దాన్ని తప్పు పడతాంటినే నేను. పోయిన పిల్లను తప్పు పడతాంటి."

చొక్కా విప్పి మంచం మీద పెట్టి, పాతది వేసుకొని వెళ్ళిపోయాడు. హెబ్బగోడిలో చెల్లెలి ఇంట్లో ఉన్నాడని మధ్యాహ్నం కబురు వచ్చింది.

ఆగస్టు 27

వినాయకుని పండుగ. పొయ్యి వెలిగించలేదు.

సెప్టెంబరు 3, బుధవారం

కాగితం సంతకం లేకుండా తిరిగి ఇచ్చేశాను. మేడమ్ తీసుకొని, "పరవాలేదు, సంతకం లేకపోయినా నడుస్తుంది. మీరు వస్తే చాలు" అన్నారు.

నేత్రావతి మంచం దిగిందట. మెడలు ఇంకెవరికో. ఒక మైసూరు పిల్లకు. ఆ పిల్లకు కూడా పోయిన వారం దగ్గు చూశాను నేను.

సెప్టెంబరు 6, శనివారం

నిన్న జరిగింది రాస్తున్నాను.

హాలు నిండిపోయింది. పెద్దవాళ్ళు, పూలదండలు, ఫొటోలు తీసేవాళ్ళు. నన్ను పనికి రావద్దన్నారు, అతిథి అన్నారు. మూడో వరసలో కూర్చోబెట్టారు. పక్క కుర్చీ మీద సహన నాన్న పేరు, సొన్నప్ప అని కాగితం అంటించి ఉంది. ఖాళీగా ఉంది. దీపం వెలిగించాక వెనక తలుపు దగ్గర ఆయన కనిపించాడు. పాత చొక్కాలోనే. వచ్చి కూర్చోలేదు. గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

మేడమ్ మైకులో సహన గురించి చదివారు. తల్లి వద్దని వారించినా, అన్నచోట హాలంతా చప్పట్లు కొట్టారు. "సహన తల్లిదండ్రులు వేదిక మీదికి రావాలి" అన్నారు. నేను లేవలేదు. మేడమ్ మళ్ళీ పిలిచారు. వెనక ఎవరో, పాపం ఏడుస్తోంది అన్నారు. నేను ఏడవడం లేదు. మూడోసారి పేరు పెట్టి పిలిచారు, భాగీరథమ్మా అని.

అప్పుడు లేచి, ఉన్నచోటనే నిలబడి చెప్పాను. మైకు లేదు. కానీ పద్దెనిమిదేళ్ళు ఆ వరండాలో పిల్లలను పిలిచిన గొంతు నాది.

"మేడమ్, అది తానై రాలేదు. నేను పంపించినాను. నూట మూడు జ్వరముంటే తక్కువుండాదని అబద్ధం చెప్పి పంపించినాను. ఈ పిల్లోళ్ళు ఎవరూ అట్లా రాకూడదు. ఎవరి తల్లీ అట్లా పంపకూడదు."

కూర్చోలేదు ఇంక. నడిచి బయటికి వచ్చాను. నా వెనక హాలు ఎలా ఉందో నేను చూడలేదు. కాసేపటికి మైకులో పాట పెట్టారు. మెడలు ఇచ్చారో లేదో తెలియదు. సోమవారం పని ఉందో లేదో కూడా తెలియదు.

ఎక్కడికి వెళ్ళాలో తోచక టీ గదికి వెళ్ళాను. అలవాటుగా పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. అడుగుల చప్పుడు వినిపించింది. సహన నాన్న. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పన్నెండు రోజుల తర్వాత ఆయన మొహం దగ్గరగా చూశాను. గడ్డం పెరిగింది.

తిడతాడనుకున్నాను. అందరి ముందు పరువు తీశావంటాడని అనుకున్నాను. లోపలికి వచ్చి గిన్నెలోని నీళ్ళను చూశాడు.

"ఆ దినం నువ్వు ఆ గదిలోకి పోయింటివి గదా, టీ పట్టుకొని" అన్నాడు.

"పోయినాను."

"పాఠం చెప్పేది చూసింటివి."

"చూసినాను."

"నాకెప్పుడూ చెప్పలేదే. ఎట్లా చెప్పింది?"

ఏడాదిగా ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. నేనూ తలుచుకోలేదు. తలుచుకునే హక్కు నాకు లేదనుకున్నాను.

తడి చేతిరుమాలు పైకెత్తి పట్టుకుందని చెప్పాను. ఎండలో వేస్తే ఇందులో నీళ్ళు యాడికి పోతాయి అని చిన్న బడి పిల్లలను అడిగిందని చెప్పాను. సూర్యుడు తాగేస్తాడు టీచర్ అని ఒక బుడ్డది అంటే కమిటీ వాళ్ళు నవ్వారని, సహన మాత్రం నవ్వకుండా ఆ పాప దగ్గరికి వెళ్ళి, "తాగినాక ఏం చేస్తాడు?" అని అడిగిందని చెప్పాను. పాప చాలాసేపు ఆలోచించిందని, అది ఆలోచిస్తున్నంతసేపూ సహన మోకాళ్ళ మీద కూర్చొని, తొందరపెట్టకుండా దాని మొహమే చూస్తూ ఉందని చెప్పాను.

"బాగా చెప్పిందా?" అన్నాడు.

"బాగా చెప్పింది" అన్నాను. "శానా బాగా చెప్పింది."

నీళ్ళు మరిగిపోయాయి. ఇద్దరం చూస్తూనే ఉన్నాం. ఎవరమూ పొయ్యి ఆర్పలేదు.